పరాగసంపర్కం చేసే కీటకాలు: ర్యాలీతో ఆగకుండా బడిలో, ఊళ్లో ఏం చేయొచ్చు?

బడితోట టీచర్:

అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. చుట్టూ మామిడి, ఆయిల్ పామ్, మొక్కజొన్న, అక్కడక్కడా పాదు కూరలు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఆసక్తి ఉన్న పిల్లలు 40 మంది ఉన్నారు. ఆవరణలో ఖాళీగా పడున్న జాగా 10 సెంట్లు, ఒక బోరు ఉన్నాయి. డబ్బు మాత్రం అంతంతే.

తేనెటీగల దినోత్సవం మే 20న వస్తుంది, అప్పటికి మనకి వేసవి సెలవులు. పైగా ఆ ఒక్కరోజు ప్లకార్డులు పట్టుకుని ఊరు తిరిగితే మర్నాటికి అందరూ మర్చిపోతారు. ఏడాది పొడుగునా సాగేది, పెద్దవాళ్లు కూడా వచ్చి చూసేది ఏదైనా కావాలి. నా సందేహాలు నాలుగు. పిల్లలు చేతులతో చేసి చూపించగలిగే ప్రయోగం ఏది? రెండు తేనెటీగల పెట్టెలు ఇస్తామని ఒక దాత అంటున్నారు, తీసుకోవచ్చా? బడి వెనక ఓవర్‌హెడ్ ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు పట్టింది, కాల్చేయాలని కమిటీ పట్టుబడుతోంది, ఏం చెప్పాలి? చివరిది, మామిడి పూత మీద మందు కొట్టే రైతులతో వాళ్లు నొచ్చుకోకుండా మాట్లాడేదెలా?

పందిరి కూరలు:

టీచర్ గారూ, పెట్టెల సంగతి తర్వాత, ముందు పందిరి వేయండి. తేనెటీగ వాలకపోతే ఏమవుతుందో పోస్టరులో రాస్తే ఎవరూ పట్టించుకోరు. రాలిన పిందెని చేతిలో పెడితే ఆగి చూస్తారు.

పాదు కూరల్లో పోతు (మగ) పువ్వు వేరు, పిందె (ఆడ) పువ్వు వేరు. పిందె పువ్వు వెనకాల బుల్లి కాయ పువ్వు విచ్చకముందే ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ బుల్లి కాయ మూడు నుంచి ఐదు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. ప్రతి రైతూ చూసే విషయమే ఇది. "పిందె నిలవట్లేదు" అని షాపుకి వెళ్లి బలం మందు తెచ్చుకుంటారు. ఎండ, నీటి ఎద్దడి వల్ల కూడా పిందె రాలుతుంది కాబట్టి వాళ్లని తప్పు పట్టలేం. ఏ పిందె దేనివల్ల రాలిందో విడదీసి చూపించడమే మీ ప్రయోగం.

పంట ఎంపికలోనే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆనప, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, పొట్ల రాత్రికి విచ్చుకుంటుంది. బడి వేళలకి ఇవి కుదరవు. కీరదోసలో కొన్ని హైబ్రిడ్లు పుప్పొడి లేకుండానే కాయ కడతాయి, ఆ విత్తనం వేస్తే ప్రయోగం తలకిందులవుతుంది. పప్పు దోసలో చాలా రకాలకి పిందె పువ్వులోనే కేసరాలు కూడా ఉంటాయి, పిల్లలు తికమకపడతారు. మీకు సరిపోయేవి కాకర, గుమ్మడి. రెండూ తెల్లవారుజామునే విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వు పెద్దది, భాగాలు చూపించడానికి బాగుంటుంది గానీ పాదుకి పిందె పూలు కొద్దిగానే వస్తాయి, పొద్దెక్కితే ముడుచుకుపోతుంది కూడా. లెక్క తేలాలంటే కాకరే.

జూన్‌లో బడి తెరిచిన వారంలోనే 8 లేక 10 కాకర పాదులు పెట్టండి. గింజ పెంకు గట్టిది, ఒక రాత్రి నానబెట్టి విత్తాలి. 40 నుంచి 45 రోజులకి పూత మొదలవుతుంది. మొదట్లో వచ్చేవన్నీ పోతు పూలే. పిల్లలు నిరుత్సాహపడతారు, ఇది మామూలేనని ముందే చెప్పి ఉంచండి.

పాత దోమతెరని 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు సంచులుగా కుట్టించండి. రేపు విచ్చుకోబోయే మొగ్గ లేతాకుపచ్చ నుంచి పసుపులోకి తిరుగుతుంది, రెండు రోజులు చూస్తే పిల్లలకి గుర్తుపట్టడం వచ్చేస్తుంది. సాయంత్రం 4 గంటలకి అలాంటి పిందె మొగ్గలకి సంచి కట్టి, కాడ చుట్టూ దూది పెట్టి దారం బిగించాలి. దూది లేకపోతే చీమలు దూరతాయి. కొన్ని పోతు మొగ్గలకి కూడా సంచి కట్టాలి, లేకపోతే తెల్లారేసరికి వాటి పుప్పొడి ఈగలు ఎత్తుకుపోతాయి.

మూడు జట్లు, మూడు రంగుల ఊలు దారాలు. ఎరుపు దారం పూలకి సంచి విప్పేది లేదు. పసుపు దారం పూలకి పొద్దున సంచి విప్పి, ఒక పోతు పువ్వు తెంపి రేకులు ఒలిచేసి, కేసరాలని పిందె పువ్వు కీలాగ్రం (పుప్పొడి అందుకునే కొన) మీద మూడువైపులా మెల్లగా అద్ది మళ్లీ సంచి కట్టాలి. 8 లోపు మొదలుపెట్టి 9.30 కల్లా ముగించండి. ఆలస్యమైతే పుప్పొడి పని చేయదు. తెలుపు దారం పూలు ఆ రోజంతా తెరిచే ఉంటాయి, ఈగలు వాలి వెళ్తాయి. జట్టుకి పదేసి పూలు. ఒక్కరోజులో ముప్పై దొరకవు, రోజుకి జట్టుకి రెండు మూడు చొప్పున నాలుగైదు రోజులు పెట్టండి, కానీ ప్రతి రోజూ మూడు జట్లకీ సమానంగా ఉండాలి. ఒక రోజు మబ్బు పట్టి ఈగలు రాకపోతే ఆ నష్టం ఒక్క జట్టు మీదే పడకూడదు.

ఆ సాయంత్రం తెలుపు దారం పూలకి కూడా సంచి కట్టండి. దీన్ని వదిలేస్తారు, అక్కడే ప్రయోగం చెడుతుంది. సంచి లేని పిందెని పండు ఈగ కుడుతుంది, లోపల పురుగు పడి కాయ పసుపెక్కి రాలుతుంది. పైకి చూస్తే పుప్పొడి అందని పిందెలాగే ఉంటుంది. అనుమానం వస్తే కోసి చూడండి. పండు ఈగ కుట్టినదైతే సూదిమొన పోటంత మచ్చ, లోపల తెల్ల పురుగులు కనిపిస్తాయి.

వారం తర్వాత నిలిచిన పిందెలు లెక్కపెట్టండి, రెండు వారాలకి కాయలు కోసి గింజలు లెక్కపెట్టండి. పుప్పొడి అరకొరగా అందిన కాయ ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా వంకర తిరిగి ఉంటుంది. గింజ కట్టిన చోటే కండ పెరుగుతుంది కదా. ఆ వంకర కాయని నిలువునా చీల్చి పలకకి మేకు కొట్టి గేటు దగ్గర వేలాడదీయండి. సంతలో ఆ వంకర కాయకి ధర తగ్గిస్తారని ఊళ్లో అందరికీ తెలుసు, వంకర ఎందుకొస్తుందో మాత్రం చూసి ఉండరు.

తేనె పెట్టెలు:

పెట్టెలు ఇప్పుడే వద్దండి. తేనెటీగలంటే భయం వల్ల చెప్పడం లేదు. రోజువారీ చూసుకునే మనిషి లేని చోట పెట్టె నాలుగు నెలలు కూడా నిలవదు.

దాత ఇస్తామంటున్నది ఏ ఈగో ముందు అడగండి. ఇటాలియన్ ఈగ అయితే మంద పెద్దది, మేత ఎక్కువ కావాలి. పువ్వులు లేని రోజుల్లో చక్కెర పాకం పట్టాలి లేదా పెట్టెని పూతలున్న ఊరికి తరలించాలి. 10 సెంట్ల బడి తోట దాని మేతకి ఏ మూలకీ రాదు. మన పుట్ట తేనెటీగ అయితే మేతకి అంత పేచీ పెట్టదు గానీ, చీమలు పట్టినా, మైనపు పురుగు పట్టినా, మాటిమాటికీ మూత తీసినా పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోతుంది. పిల్లలున్న చోట మూత తీయకుండా ఉండరు. మే నెల ఎండకి పెట్టె మీద తడి గోనె మార్చాలి, స్టాండు కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లు ఎండిపోకుండా చూడాలి. సరిగ్గా అప్పుడే బడికి సెలవులు.

అంతగా పెట్టాలనుకుంటే రెండో ఏడాది, ఊళ్లో ఒక రైతు తోటలో పెట్టించి పిల్లలు నెలకోసారి వెళ్లి చూసేలా చేయండి. పెదవేగి మండలం విజయరాయి వ్యవసాయ పరిశోధన స్థానంలో తేనెటీగల మీద పరిశోధన విభాగం ఉంది, మీకు పెద్ద దూరం కాదు. పిల్లల్ని తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి.

ఇక ట్యాంకు కింది పట్టు. మీరు చెప్పిన చోటుని బట్టి అది పెద్ద తేనెటీగ, కొండ తేనెటీగ అంటారు చూడండి, అదే అయ్యుండాలి. ఆరుబయట ఒకే ఒక్క పట్టు, పెద్ద చేటంత వేలాడుతుంది, ఈగ దాదాపు 2 సెంటీమీటర్లు ఉంటుంది. పెట్టెల్లో బతకదు. మనకున్న వాటిల్లో ప్రమాదకరమైనది ఇదే, కమిటీ భయం అబద్ధం కాదు. అయితే కాల్చడం అంతకంటే ప్రమాదం. మంటకి సగం ఈగలు చస్తాయి, మిగతా సగం కనిపించినవాళ్ల మీద పడతాయి, అది తరగతి గదుల వైపైనా కావచ్చు.

ఇది వలస ఈగ. పూతలు ముగిసి ఎండలు ముదిరాకో వానలకి ముందో తనంతట తానే వెళ్లిపోతుంది. అప్పటిదాకా ట్యాంకు చుట్టూ 30 మీటర్లు తాడు కట్టి, పిల్లలు ఆ వైపు వెళ్లకుండా దారి మార్చండి. ఆ దగ్గర చెత్త తగలబెట్టొద్దు, టపాసులు, గాలిపటాలు, రాళ్లు అసలే వద్దు. ట్యాంకు దగ్గర ఫ్లడ్‌లైటు ఉంటే రాత్రి ఆర్పేయించండి. ఈ ఈగ రాత్రి వెలుతురుకి వచ్చి దీపాల కింద పడుతుంది, పొద్దున చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల కాళ్లకి కుడుతుంది. ట్యాంకు ఎక్కి కడిగే మనిషికి కూడా చెప్పాలి, అందరూ అతన్నే మర్చిపోతారు.

ఈగలు వెళ్లాక అసలు పని ఉంది. పట్టు ఊడ్చేసి, అంటుకున్న మైనాన్ని గోకి, వేడి నీళ్లతో కడిగి, ఆ అంచుకి సన్న జాలీ బిగించండి. ఈ ఈగలు ఏటేటా అదే చోటికి వస్తాయి, మైనం వాసన ఉంటే మరీను. బడికి దూరంగా ఉన్న పెద్ద చెట్టునో ఎత్తైన గట్టునో అవే వెతుక్కుంటాయి. పిల్లలు మెలిగే దారి మీదే పట్టు ఉండి ఆగడం కుదరని పరిస్థితి అయితే అగ్నిమాపక శాఖ వాళ్లకో, ఈ పని తెలిసినవాళ్లకో చెప్పి రాత్రిపూట తీయించాలి. ఊళ్లో కుర్రాళ్ల చేత చేయించొద్దు.

ఒకవేళ కుడితే ముల్లు వెంటనే తీసేయాలి. గోటితో గీకినా, పట్టి లాగినా ఫరవాలేదు, ఆలస్యం చేస్తేనే విషం ఎక్కువ దిగుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఐసు పెట్టండి. సున్నం రాస్తూ కూర్చోకండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచడం, ఆయాసం, వాంతి, వీటిలో ఏది కనిపించినా 108కి చేయాలి. చిన్నపిల్లలకి పదికి మించి కుట్టినా ఆసుపత్రికే. ఇంకోటి, ఈగ కుట్టిన చోట వచ్చే హెచ్చరిక వాసన పండిన అరటిపండు వాసనలా ఉంటుంది, అది పసిగట్టి మిగతావీ వస్తాయి. కాబట్టి కుట్టిన చోటే నిలబడొద్దు, తల కప్పుకుని గదిలోకి పరిగెత్తాలి. పట్టు దగ్గర అరటిపండ్లు తినకూడదని పిల్లలకి చెబితే ఈ ఒక్క ముక్క మాత్రం జన్మలో మర్చిపోరు.

రెక్కల లెక్క:

పైవాళ్లిద్దరూ చెప్పినదానికి నాదొక చేర్పు. పిల్లలకి తేనెటీగ ఒక్కటే చెబితే మిగతా పనివాళ్లందరినీ మరిచినట్టు. వంకాయ, టమాటా పువ్వులో పుప్పొడి చిన్న కన్నాల్లోంచి రాలాలి, పువ్వుని గట్టిగా అదిలిస్తేనే రాలుతుంది. తేనెటీగకి ఆ విద్య రాదు. తుమ్మెద పువ్వుని కరిచి పట్టుకుని ఝుమ్మంటే పొడి దుమ్ములా రాలుతుంది. తంగేడు పువ్వు దగ్గర కూడా ఇదే చూడొచ్చు. పక్కన నిలబడి వింటే ఎగిరేటప్పటి శబ్దం వేరు, పువ్వు మీద శబ్దం వేరు, పువ్వు మీదిది ఇంకా సన్నగా కీచుగా వినిపిస్తుంది. సీతాఫలానికి చిన్న పెంకు పురుగులు, మామిడికి ఎక్కువగా (తేనెటీగలు కాని) మామూలు ఈగలు, కుట్టని బుల్లి తేనెటీగలు, ఆనపకి రాత్రి తిరిగే చిమ్మటలు పని చేస్తాయి.

మీ ఊరికి మంచి ఉదాహరణ పొలంలోనే ఉంది, ఆయిల్ పామ్. దాని పరాగసంపర్కం చేసేది 3, 4 మిల్లీమీటర్ల గోధుమరంగు ముక్కు పురుగు, పుట్టిల్లు ఆఫ్రికాలోని కామెరూన్. 1981లో మలేషియా తోటల్లో దాన్ని వదిలాక అక్కడ కూలీలని పెట్టి చేత్తో పుప్పొడి చల్లే పని పోయింది, తర్వాత మన దేశానికీ తెచ్చారు. విచ్చుకున్న మగ పూగుత్తి దగ్గర సోంపు వాసన వస్తుంది. కింద తెల్ల కాగితం పట్టి గుత్తిని తట్టండి, పురుగులు పదులకొద్దీ రాలతాయి. పూత అయిపోయిన మగ గుత్తుల్లోనే అవి గుడ్లు పెట్టి పెరుగుతాయి. శుభ్రత పేరుతో ఆ గుత్తులన్నీ కోసి తోట బయట పారేస్తే పురుగు తగ్గి గెలలో గింజ సరిగా కట్టదు. ఆయిల్ పామ్ రైతు బిడ్డ ఇంటికెళ్లి ఈ ముక్క చెబితే నాన్న వింటాడు, గెల బరువు లెక్క కాబట్టి.

లెక్కింపు పద్ధతి ఇది. నాలుగు పుల్లలు కట్టి 50 సెంటీమీటర్ల చతురస్రం చేయండి. పూలున్న చోట పెట్టి 10 నిమిషాలు కదలకుండా కూర్చుని, పువ్వుని తాకిన ప్రతి పురుగునీ రాయాలి. మీద ఎగిరి వెళ్లినవి లెక్కలోకి రావు. ఒకరు చూడాలి, ఒకరు రాయాలి, ఒకరు టైము చెప్పాలి. పక్కనే చతురస్రంలో ఎన్ని పువ్వులున్నాయో, ఎండో మబ్బో, గాలి ఉందో లేదో రాయాలి. నెలకి రెండుసార్లు, అదే చోట, అదే వేళకి. పేర్లు తెలియక్కర్లేదు, ఎనిమిది గడులు చాలు: పెద్ద తేనెటీగ, పుట్ట తేనెటీగ, చిన్న తేనెటీగ, కుట్టని బుల్లి తేనెటీగ, తుమ్మెద, ఈగలు, సీతాకోకచిలుకలు, ఇతరాలు. బుల్లి తేనెటీగ నల్లగా 4 మిల్లీమీటర్లు, దోమనుకుని వదిలేస్తారు, వెనక కాళ్ల మీది పుప్పొడి ముద్దలే దాని ఆనవాలు. పసుపు చారలుండి గాల్లో ఒకేచోట నిలబడేది తేనెటీగ కాదు, ఈగ. దానికి రెండే రెక్కలు, మీసాలు పొట్టి. మొదటి రెండు లెక్కలు ఎలాగూ తప్పులతడకే, వాటిని రాసి పక్కన పెట్టి మూడో దాని నుంచి నమ్మండి.

బడితోట టీచర్:

చాలా సంతోషం అండి. కాకర ఖాయం చేసుకున్నాను. రెండు ఉప ప్రశ్నలు. ఆ 10 సెంట్లలో మిగతా చోట ఏం వేయాలి? పిల్లలు ఫోన్లో చూసి వెదురు గొట్టాలతో 'తేనెటీగల హోటల్' కడదామంటున్నారు, మంచిదేనా? మామిడి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పందిరి కూరలు:

ముద్దబంతి వద్దు, రేకబంతి వేయండి. ముద్ద పువ్వులో రేకులే తప్ప ఈగకి దొరికేది పెద్దగా ఉండదు. మందారం కూడా అంతే, ఒంటిరేక మంచిది. అక్టోబరు చివర్లో ధనియాలు అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి నాలుగు మడుల్లో పదిరోజుల తేడాతో చల్లండి, కొత్తిమీర కోయకుండా పూతకి వదిలేయండి. అంత తక్కువ ఖర్చుతో అన్ని రకాల పురుగుల్ని పిలిచే పంట ఇంకొకటి లేదు. తులసి, నువ్వులు, కొద్దిగా ఆవాలు సరే. గట్టు మీద కానుగ, కుంకుడు, నేరేడు, మునగ ఒక్కోటి. వేసవి మేత కానుగ, వేప, నేరేడు ఇస్తాయి, కుంకుడు చలికాలంలో ఇస్తుంది. కోనోకార్పస్ ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోకండి.

అన్నిటికన్నా ముందు ఆవరణలో గడ్డిమందు కొట్టడం ఆపించండి. ప్రహరీ వెంట మీటరు వెడల్పు పట్టీని కోయకుండా వదిలితే గడ్డి చామంతి, తుమ్మి వాటంతటవే వస్తాయి. పాములు వస్తాయని గొడవ చేస్తారు. అందుకే ఆ పట్టీ పిల్లలు తిరిగే దారికి అవతలి గోడ వైపు ఉండాలి, అంచు మాత్రం నెలకోసారి కోయించాలి.

రెక్కల లెక్క:

హోటల్ గురించి నాది కాస్త పేచీ. ఫోటోల్లో చూసే అలమారంత హోటల్ వద్దు. ఒకేచోట వందల గొట్టాలుంటే పరాన్నజీవులు, బూజు అక్కడే కాపురం పెడతాయి. 25 గొట్టాల కట్ట ఒకటి, దానికి దూరంగా ఇంకో కట్ట, అంతే. గొట్టం లోపలి వ్యాసం 6 నుంచి 10 మిల్లీమీటర్లు, పొడవు 15 సెంటీమీటర్లు, ఒక చివర కణుపుతో మూసుకుని ఉండాలి. సన్న వెదురు, రెల్లు కాడలు పనికొస్తాయి. ప్లాస్టిక్ స్ట్రాలు, పైపులు వద్దు, లోపల చెమ్మ చేరి పిల్ల కుళ్లిపోతుంది. కోసిన అంచుకి పేళ్లు లేకుండా గరుకు కాగితం పట్టించండి, రెక్కలు చిరుగుతాయి. ఛాతీ ఎత్తున, తూర్పు ముఖంగా, వాన జల్లు తగలని చూరు కింద, గాలికి ఊగకుండా బిగించాలి. వేలాడదీస్తే ఏదీ చేరదు. ఆకు ముక్కలతో మూసిన గొట్టం ఆకు కత్తిరించే తేనెటీగది, మట్టితో మూసింది చాలావరకు కందిరీగ జాతిది. ఏడాదికోసారి ఖాళీ గొట్టాలు పారేసి కొత్తవి పెట్టండి. గులాబీ, కంది ఆకుల అంచున గుండ్రంగా బిళ్ల కోసినట్టు కనిపిస్తే తెగులు అనుకుని మందు కొట్టకండి, ఆ తేనెటీగే గూటికి పట్టుకెళ్లింది.

నిజానికి గొట్టాలకంటే నేల ముఖ్యం. ఒంటరి తేనెటీగల్లో ఎక్కువ భాగం మట్టిలో బొరియ చేసుకుంటాయి. ఆవరణంతా సిమెంటు చేయకుండా ఎండ పడే గట్టి మట్టి నాలుగు చదరపు మీటర్లు వదలండి, తవ్వొద్దు, నీళ్లు కట్టొద్దు. పెన్సిలు దూరేంత కన్నాలు, చుట్టూ సన్న మట్టి కుప్ప కనిపిస్తే చీమల పుట్ట అని పూడ్చేయకుండా కాసేపు చూడండి.

నీళ్ల పళ్లెం పెడితే అడుగున గులకరాళ్లు పోసి రాళ్ల మొనలు పైకి తేలేలా ఉంచండి. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి రుద్దాలి. వారం వదిలేస్తే దోమల తొట్టి అవుతుంది, అప్పుడు ఊరు మీ మీదే పడుతుంది.

మెట్ట మామిడి:

మామిడి సంగతి నేను చెబుతాను మేడం. పూత మీద మందు కొట్టొద్దని నేరుగా అంటే రైతు వినడు. తేనెమంచు పురుగు (పూత రసం పీల్చే చిన్న పురుగు) పట్టి పూత నల్లబడితే ఏడాది కష్టం పోయినట్టే. "ఎప్పుడు కొడితే తక్కువ ట్యాంకులతో పోతుంది" అని మొదలుపెట్టండి. అది ఆయన డబ్బుకి సంబంధించిన మాట.

ఈ పురుగు పూత లేని రోజుల్లో మొదలు మీది బెరడు పగుళ్లలో దాక్కుని ఉంటుంది. అందుకని పని కోత అవ్వగానే మొదలవ్వాలి. జూన్, జూలైలో ఎండు కొమ్మలు, లోపలికి అల్లుకున్న కొమ్మలు తీసేసి చెట్టు నడుముకి వెలుతురు తగిలేలా చేస్తే పురుగు సగం తగ్గుతుంది. పూమొగ్గ కదలకముందు మొదళ్లకి, కొమ్మలకి ఒకసారి కొట్టాలి. కంకి బయటికి వచ్చి పువ్వు ఇంకా విచ్చుకోనప్పుడు ఇంకోసారి. అక్కడ ఆపాలి. పువ్వు విచ్చాక పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా పురుగుమందు ముట్టకూడదు. బూడిద తెగులుకి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కూడా పువ్వు విచ్చకముందే అవ్వాలి. మందుల పేర్లు, మోతాదులు ఉద్యాన సహాయకుడి చేత చెప్పించండి, టీచరు నోటి నుంచి వస్తే "మీకేం తెలుసు" అంటారు.

సాయంత్రం కొడితే ఈగకి ఏం కాదని కొందరు అంటారు. అది సగం నిజం. ఆరిపోతే పనితనం తగ్గే మందుల విషయంలో 5 తర్వాత కొట్టడం మేలే. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటివి చెట్టు రసంలో కలిసి మకరందంలోకి కూడా చేరతాయి, వేళ మార్చినంత మాత్రాన పోవు. వాటిని పూతకి ముందే ముగించాలి. ఇంకో పొరపాటు, డబ్బా మీది రంగు త్రికోణం. ఆకుపచ్చ ఉంటే సురక్షితం అనుకుంటారు. ఆ రంగులు మనుషులకి ఎంత విషమో చెప్పేవి, తేనెటీగ లెక్క అందులో లేదు.

రైతుని ఒప్పించినా మందు కొట్టే కూలీలు పొద్దున 6కి వచ్చి 11కి దిగిపోతారు, సాయంత్రం రమ్మంటే రెట్టింపు అడుగుతారు. డ్రోన్ అతను గాలి లేని వేళ అని తెల్లవారి పెట్టుకుంటాడు. వాళ్లని కూడా కూర్చోబెట్టకపోతే మీటింగు వృథా. నవంబరులో పెట్టండి, జనవరిలో పెడితే అప్పటికే కొట్టేసి ఉంటారు. 'పొలం పిలుస్తోంది' కార్యక్రమానికి వ్యవసాయ అధికారులు ఊరికి వచ్చే రోజు చూసుకుని పిల్లల చేత కాకర కాయలు, లెక్కల పుస్తకం పెట్టిస్తే సరిపోతుంది.

బడితోట టీచర్:

రైతు సేవా కేంద్రం గోడ మీద పిల్లలు వారం వారం రాసే బోర్డు పెడదామనుకుంటున్నాను. ఏం రాయించాలి?

మెట్ట మామిడి:

నినాదాలు వద్దు మేడం, నాలుగు గడులు చాలు. ఈ వారం పూతలో ఉన్న పంటలు, ఏ వైపు పొలాల్లో. విచ్చిన పువ్వు మీద కొట్టకూడని మందుల పేర్లు, ఉద్యాన సహాయకుడు చెప్పినవి. ఊళ్లో తేనెటీగల పెట్టెలు ఎక్కడున్నాయి, మందు కొట్టే ముందు పెట్టెల వాళ్లకి రెండు రోజుల ముందు చెప్పాల్సిన ఫోన్ నంబరు. చివరి గడిలో పిల్లల లెక్క, పోయిన వారం 10 నిమిషాల్లో ఎన్ని వాలాయో. సోమవారం పొద్దున మార్చాలి. రెండు వారాలు పాత రాత ఉండిపోయిందంటే ఇంక ఎవరూ అటు తల తిప్పరు. సెలవులు వచ్చినా రాయడానికి ఆ వీధిలో పిల్లలు ఇద్దరిని ముందే అనుకుని పెట్టుకోండి.

తేనె పెట్టెలు:

అదే బోర్డులో ట్యాంకు పట్టు సంగతి కూడా ఒక మూల రాయించండి, "పట్టు ఉంది, ఇటు రాకండి" అని. ఈగలు వెళ్లిన రోజు తారీఖు వేసి చెరపండి. వచ్చే ఏడాది ఎప్పుడొచ్చాయో రాసుకుంటే జాలీ ఎప్పటికల్లా బిగించాలో మూడేళ్లకి మీకే తెలిసిపోతుంది.